ఏనుగు దాటిన మెట్టు

వాన పట్టుకుందంటే మేడ బాబాయికి ఎక్కడలేని హుషారు. టీ కొట్టు రేకుల కింద చిక్కుకున్నవాళ్ళు వాన వెలిసేదాకా కదలలేరు, ఆయన నోరు అంతసేపూ ఆగదు. టీ కొట్టున్న గది ఆయనదే, దాని మీద మేడ ఆయనదే, పక్కనుంచి మేడ మీదికి పోయే మెట్లూ ఆయనవే. తన రేకుల మీద పడుతోంది కాబట్టి వాన కూడా తనదే అన్నట్టు, కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుంటాడు.

ఆ సాయంత్రం ముగ్గురు చిక్కారు. ప్లీడరు దగ్గర పనిచేసే గుమాస్తా ఒకడు, కాగితాల సంచీ తడవకుండా చొక్కా లోపల దోపుకుని కుండ మింగినవాడిలా కూర్చున్నాడు. బడి పెద్ద టీచరు ఒకావిడ, మడిచిన గొడుగు ఒళ్ళో పెట్టుకుంది. మూడో మనిషి దర్జీ అక్క. మేడ మీద కుట్టు మిషన్లు పెట్టుకున్నది ఆవిడే. కుడిచెయ్యి మోచేతి దాకా పిండికట్టులో ఉంది. ఎడమచేత్తో గ్లాసు పట్టుకుని బల్ల చివర, మేడ బాబాయికి వీలైనంత దూరంగా కూర్చుంది. టీ అత్తని లెక్కలో వేయనక్కర్లేదు; ఎండైనా వానైనా ఆ మాటలు వినక ఆవిడకి తప్పదు.

దర్జీ అక్క అంత దూరంగా కూర్చోవడానికి కారణం ఉంది. అది ముందే చెప్పేయడం మంచిది, కథలో పడ్డామంటే మరుపున పడిపోతుంది.

మెట్లు సగం ఎక్కాక ఒక మలుపు వస్తుంది. ఆ మలుపు మెట్టు మీద పరిచిన బండ వదులైంది. ఎడమ అంచు మీద కాలు పడితే చాలు, ఊయలలా లేస్తుంది. కిందటి నెల బడి పిల్లల చొక్కాల మూట పట్టుకుని దిగుతూ అక్క ఆ అంచు మీద కాలేసింది. మూట ఒకవైపు పోయింది, మనిషి ఒకవైపు పోయింది. మూట మీద పడినా బాగుండేది, చెయ్యి మీద పడింది.

చెయ్యి విరిగినందుకు ఆవిడ అంతగా కుమిలిపోలేదు. తోడికోడలు మిషను మీద కూర్చుంటోంది, సుద్దముక్కతో కొలతలు గీయడం ఎడమచేత్తోనైనా తనే చూసుకుంటోంది. కానీ మేడ బాబాయి పరుగెత్తుకొచ్చి, తనని లేవదీయకముందే ఒక మాటన్నాడు. ఎముక అతుక్కుంటోంది గానీ ఆ మాట చేసిన గాయం మాత్రం మానలేదు.

"మెట్టుకేమైంది? నా మెట్టు కొండలా ఉంది. ఒకవేళ కదిలినా నాకెవరు చెప్పారు, నాకేం తెలుసు? అమ్మాయికి చూపు ఆనట్లేదు, అదీ సంగతి."

పదిమంది విన్నారు. విన్నవాళ్ళు వినని వాళ్ళకి చెప్పారు. దర్జీకి చూపు ఆనట్లేదంటే ఇంకేం మిగిలింది? గుడ్డలిచ్చి వెళ్ళినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి "తర్వాత కుట్టిద్దాంలే అక్కా" అని వెనక్కి పట్టుకుపోసాగారు. ఇవాళ పెద్ద టీచరు వచ్చింది కూడా అందుకే. బడి పిల్లలందరికీ సరిపడా గుడ్డ తానులు మేడ మీద ఉన్నాయి. ఏటా వచ్చే ఆ పనే అక్క ఇంటికి ఆధారం. టీచరు మర్యాదస్తురాలు, కళ్ళ మాట ఎత్తలేదు. "ఈసారికి మీకు శ్రమ ఎందుకులెండి" అంది, అంతే. వాన రాకపోతే తానులు ఈపాటికి ఆటో ఎక్కేసేవి.

బండ ఇప్పటికీ అలాగే ఉంది. బాగుచేయిస్తే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందని మేడ బాబాయి దాని మీద ఎవర్నీ చెయ్యి వేయనివ్వలేదు.

మాట మొదలుపెట్టింది టీ అత్త. పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ గుమాస్తాని అడిగింది.

"ఏం బాబూ, ఒకళ్ళ జాగాలో ఇంకొకళ్ళు పడితే జాగా వాళ్ళదేనా పూచీ? నా కొట్టు ముందు ఎవరైనా జారితే నా మెడకి చుట్టుకుంటుందా?"

"అంత తేలిగ్గా చుట్టుకోదులే అత్తా," అన్నాడు గుమాస్తా. "జాగా ఉన్నవాడు దాన్ని నలుగురూ నడిచేలా ఉంచాలి. ఏదైనా పాడైందని తెలిస్తే బాగుచేయించాలి. వెంటనే కుదరలేదనుకో, 'ఇక్కడ కాస్త చూసుకోండి' అని వచ్చేవాళ్ళకి చెప్పనైనా చెప్పాలి. తెలిసుండి, చెప్పకుండా ఊరుకున్నాడంటే మాత్రం ఇంక వాదనే లేదు. తప్పు అతనిదే."

"తెలీదంటే?" అంది దర్జీ అక్క, గ్లాసులోకి చూస్తూ.

"తెలీదంటే వాదన అక్కణ్నుంచి మొదలవుతుంది. తెలియాల్సింది ఎందుకు తెలీలేదని వీళ్ళూ, ఎలా తెలుస్తుందని వాళ్ళూ. సాగుతూనే ఉంటుంది."

మేడ బాబాయి గట్టిగా నవ్వాడు. "నాకు చెప్తున్నావా గుమాస్తా చట్టం? ఆ చట్టం నడక నేర్చుకుంది నా వాకిట్లోనయ్యా!"

టీ అత్త పొయ్యి మంట తగ్గించింది. ఇక ఎంతసేపు పడుతుందో ఆవిడకి తెలుసు.

"పెద్ద విషయమేం కాదు," మొదలుపెట్టాడు బాబాయి. "చిన్న సంగతే. మా పెద్దమ్మాయి పెళ్ళికి ముందు. చీపుళ్ళమ్మేవాడు ఒకడు మా వాకిట్లో నీళ్ళొలికితే కాలు జారాడు. మోకాలు కాస్త చెక్కుకుపోయింది, అంతే. నేనే కడిగి, మందు రాసి, ఉన్న చీపుళ్ళన్నీ కొనేసి పంపించా."

"అవన్నీ తర్వాత నాకే అమ్మావు అన్నయ్యా," అంది టీ అత్త. "సగం ఊడిపోయాయి."

"మధ్యలో రాకు చెల్లెమ్మా, కథ జారిపోతుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వారం తిరక్కుండా కోర్టు నోటీసు! ప్లీడర్ని పెట్టుకోమన్నారు అందరూ. నా వాకిలి గురించి ఇంకొకడు మాట్లాడేదేంటి, నేనే పోయా. జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి చూసి, 'నీ జాగా గురించి నీకు ఏపాటి తెలుసు?' అన్నారు. 'అయ్యా, ఏ ఇటుక ఏ వరసలో ఉందో తెలుసు, పక్క ఇటుకతో దానికి మాటలున్నాయో లేవో కూడా తెలుసు' అన్నా. నమ్మలేదాయన. నా కళ్ళకి గంతలు కట్టించారు. ఊళ్ళో ఉన్న మేడలన్నిట్లోంచీ ఒక్కో ఇటుక పీకించి తెప్పించి నా ముందు కుప్ప పోయించారు. ఒక్కోటీ తీసి వాసన చూశా. నాది కాదు, నాది కాదు, ఇదీ నాది కాదు... ఇదిగో! 'అయ్యా ఇది నాది, పెరటి గోడలో కింది వరస, మా ఆవిడ దీని పైనే తడిబట్టలు ఆరేస్తుంది. తొందరగా పంపించేయండి, అవతల గోడకి చలేస్తుంది' అన్నా."

పెద్ద టీచరు గొడుగు చాటున నవ్వు దాచుకుంది.

"ఇలాంటి కేసు మా ఆఫీసులో ఎవరూ చెప్పుకోగా వినలేదే బాబాయ్," అన్నాడు గుమాస్తా.

"మీ ప్లీడరు అప్పటికి నిక్కర్లేసుకుని తిరుగుతున్నాడు, ఆయనకేం తెలుసు? విను. ఆ కబురు పాకింది. ఇంత బాగా చూసుకునే యజమాని ఇంకెక్కడా లేడు, పడితే ఈయన జాగాలోనే పడాలని జనం రావడం మొదలుపెట్టారు. తెల్లారేసరికి నా గేటు ముందు వరస! సొంతింట్లో పడగలిగి కూడా, ఓపిక పట్టి, బస్సులెక్కి నా దగ్గరికొచ్చారంటే చూసుకో. కానీ ఏం లాభం? పడదామన్నా నా మేడ పడనిస్తేనా! ఒకడైతే విసిగిపోయి డాబా మీంచి దూకేశాడు. నేను ఆ డాబా మీదే ఉన్నా. వాడు దూకడం చూశా. మెట్లు దిగి, గదిలోకెళ్ళి, పరుపు తీసి, దుప్పటి మార్చి..."

"దుప్పటి కూడానా?" అంది టీ అత్త.

"వచ్చినవాడికి మాసిన దుప్పటి వేస్తామా? మార్చి, కింద పరిచి, కాసిని మంచినీళ్ళు తాగి, ఇంకా రాడేంటా అని పైకి చూస్తే అప్పుడు కనిపించాడు. మెత్తగా దిగాడు. లేచి దండం పెట్టి పోయాడు."

వాన కాస్త జోరు పెరిగింది. దర్జీ అక్క ఈ కథ లోగడ విన్నదే. అప్పట్లో పరుపుకి బదులు గడ్డివాము ఉండేది. మేడ బాబాయి కథలకి అందరికంటే ముందు నవ్వేది తనే, మిషను ఆపి మరీ కిటికీలోంచి అడిగేది, "తర్వాతేమైంది బాబాయ్?" అని. పడిన రోజు నుంచి ఆయనతో ఒక్క మాట లేదు. ఇవాళ కూడా వినకూడదనే కూర్చుంది. పక్కన పెద్ద టీచరు మాటిమాటికీ వాన వంకా, పైన మిషన్ల గది వంకా చూస్తోంది. ఆ చూపు అక్కకి సూదిలా గుచ్చుకుంటోంది. వాన వెలిస్తే తానులు పోతాయి. తానులు పోతే ఊళ్ళో మిగిలిన ఆ నాలుగు జాకెట్లూ పోతాయి.

"అసలు సంగతి ఇప్పుడొస్తుంది," అన్నాడు బాబాయి గొంతు తగ్గించి. "అవతలి ప్లీడరుకి ఒళ్ళు మండిపోయింది. 'గోడలు సరే, మెట్లు గట్టివని రుజువేంటి?' అన్నాడు. జడ్జిగారు, 'నిజమే, పదండి' అని కోర్టు కోర్టంతా తీసుకుని వచ్చేశారు. బల్ల, కుర్చీ, గంట, బంట్రోతు, అన్నీ మా డాబా మీద. ఆ అవతలి ప్లీడరు ఏం తెచ్చాడో తెలుసా?"

"ఏం తెచ్చాడు?" అంది పెద్ద టీచరు. అడిగేశాక తనే సిగ్గుపడింది.

"ఏనుగుని! సర్కసు ఏనుగుని టీచరుగారూ! గున్న ఏనుగనుకుంటున్నారేమో, అది పడుకుంటే దాని నీడలో ఒక పెళ్ళి చేయొచ్చు. 'ఇది డాబా ఎక్కితే కేసు నీది, మెట్టు విరిగితే మేడ నాది' అన్నాడు. వీధి వీధంతా వచ్చి నిలబడింది. 'ఎక్కించు' అన్నా. అది ఎక్కడం మొదలుపెట్టింది. ఒక్కో అడుగుకీ పక్కవీధిలో గడియారాలు ఆగిపోతున్నాయి. నా మెట్లు మాత్రం కిక్కురుమంటే ఒట్టు!"

దర్జీ అక్క గ్లాసు బల్ల మీద పెట్టింది.

ఏనుగు ఇప్పుడు మెట్ల మీద ఉంది. ఇంకాసేపట్లో మలుపు దగ్గరికి వస్తుంది. బాబాయి కథలో ఏదీ నేరుగా పోదు, అడిగినవాళ్ళ వైపు తిరుగుతుంది. ఏనుగు డాబా మీదికి ఒక్క గెంతులో ఎగిరిపోయినా ఎగిరిపోగలదు. ఆవిడ బల్ల మీద కాస్త ముందుకి జరిగింది. నెల రోజుల తర్వాత, నెల కిందటి గొంతుతో అడిగింది.

"మలుపు దగ్గర ఎలా తిరిగింది బాబాయ్? అంత ఏనుగు, అంత ఇరుకు. అక్కడేం కాలేదా?"

మేడ బాబాయి మొహం చేటంత అయింది. "చూశారా! ఇంతమందిలో అడగాల్సింది అడిగింది మా అమ్మాయి ఒక్కతే. చదువుకున్నవాళ్ళకి కూడా తట్టలేదు. ఎలా తిరిగిందంటావా? అక్కడే ఉంది నా గొప్పతనం. ఇందాక గుమాస్తా ఏమన్నాడు? యజమాని అన్నవాడు ముందే చెప్పాలన్నాడా? ఇతను ఇవాళ చెప్పాడు, నేను ఆనాడే చేశా. ఏనుగు మలుపు దగ్గర కాలెత్తింది. వీధంతా ఊపిరి బిగబట్టింది. 'ఆగు!' అన్నా. ఆగింది. నేను పైకెళ్ళి, దాని చెవి పట్టుకుని కిందికి వంచి, మెల్లిగా చెప్పా. 'తల్లీ, ఆ బండ ఎడమ అంచు మీద కాలేయకు, ఊగుతుంది. గోడవైపు వేసి ఎక్కు' అని."

ఆయన కూర్చున్నచోట ఉండలేకపోయాడు. లేచి, పంచె ఎగ్గట్టి, కొట్టు గోడకి ఆనుకుని నిలబడి, ఏనుగు ఎలా ఎక్కిందో చూపించాడు. ఎడమకాలు ఎత్తి, గాల్లో ఆపి, అంచు దాటించి, గోడ మొదట్లో మెత్తగా పెట్టాడు. ఆ అడుగు దర్జీ అక్క ఎరిగినదే. రోజూ పొద్దున నీళ్ళ ట్యాంకు చూడ్డానికి డాబా మీదికి పోతూ మలుపు దగ్గర ఆయన వేసే అడుగే అది.

"అలా ఎక్కింది! జడ్జిగారు కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు. కళ్ళు తుడుచుకుంటూ, 'తన మెట్టులో ఏ మూల ఏ లోపముందో తెలుసుకుని, నోరులేని జంతువుకి కూడా ముందే చెప్పిన యజమాని ఈ భూమ్మీద ఇతనొక్కడే. కేసు కొట్టేస్తున్నా' అన్నారు. చప్పట్లు! ఏనుగు తొండంతో నన్ను ఎత్తుకుని వీధంతా..."

"బాబాయ్," అంది దర్జీ అక్క.

గొంతు పెద్దది చేయలేదు. పిండికట్టు చెయ్యి మాత్రం బల్ల మీద, అందరికీ కనబడేలా పెట్టింది.

"ఏనుక్కి చెప్పావు. మరి నాకెందుకు చెప్పలేదు?"

మేడ బాబాయి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది, ఏనుగు తొండం మీద నుంచి ఆయన ఇంకా దిగలేదు.

మొదట పగలబడి నవ్వింది టీ అత్త. గరిటె పాలల్లో పడిపోయింది. తర్వాత గుమాస్తా నవ్వాడు, నవ్వుకి చొక్కాలోంచి కాగితాల సంచీ జారి కింద పడింది.

"అది... అది వేరే బండ," అన్నాడు బాబాయి.

"మలుపు ఒక్కటేగా అన్నయ్యా ఉంది?" అంది టీ అత్త.

"అంటే అప్పట్లో కాస్త వదులుగా ఉండేది..."

"ఏనుగు ఎక్కింది మీ పెద్దమ్మాయి పెళ్ళికి ముందన్నారుగా," అన్నాడు గుమాస్తా, సంచీ దులుపుకుంటూ. "ఆ అమ్మాయి పిల్లలు ఇప్పుడు టీచరుగారి బళ్ళోనే చదువుతున్నారు. అప్పట్నుంచీ తెలుసన్నమాట. చూడండి బాబాయ్, ఉన్నవి రెండు దారులే. ఏనుగు అబద్ధమనండి, మెట్టు సంగతి మీకు తెలీదని మేమంతా ఒప్పుకుంటాం. ఏనుగు నిజమైతే, మెట్టు సంగతి మీకు తెలుసు."

మేడ బాబాయి బల్ల మీద కూలబడ్డాడు. ఒకరి తర్వాత ఒకరి మొహం చూశాడు. ఎవరి మొహంలోనూ కోపం లేదు, అందరూ ఏనుగు కోసం చూస్తున్నట్టే ఉన్నారు. ఇన్నేళ్ళుగా ఈ రేకుల కింద ఆయన ఒక్క కథ వెనక్కి తీసుకుంది లేదు. పరుపు మీదికి దూకినవాడినీ వదల్లేదు, వాసన చూసిన ఇటుకనీ వదల్లేదు. ఇప్పుడు అంత ఏనుగుని, మెట్లెక్కి, డాబా ఎక్కి, జడ్జిగారిచేత కళ్ళు తుడిపించిన ఏనుగుని, తన నోటితో తనే లేదనాలి. టీ రెండు గుక్కలు తాగాడు. చల్లారిపోయిందని కూడా గమనించలేదు.

"ఏనుగు ఎక్కింది," అన్నాడు చివరికి, బల్ల గుద్ది. "ఎవడేమన్నా సరే. ఈ కళ్ళతో చూశా."

"మరి బండ?" అంది దర్జీ అక్క.

"ఊగుతుంది."

"నా కళ్ళు?"

ఆయన గొణిగాడు.

"వినపడలేదన్నయ్యా, వాన," అంది టీ అత్త.

"బాగున్నాయన్నానుగా! అమ్మాయి కళ్ళకేం రోగం, నిక్షేపంలా ఉన్నాయి! ఏనుక్కి చెప్పినట్టు అమ్మాయికీ చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. బండ నాది, తప్పు నాది. చాలా?"

దర్జీ అక్క ఎడమచేత్తో కొంగు సర్దుకుంది. ఆ తర్వాత పెద్ద టీచరు వైపు తిరిగింది.

"టీచరుగారూ, మీ గొడుగు పిడి దగ్గర కట్టిన పట్టీ కుట్టు ఊడుతోంది. నల్ల గుడ్డ మీద నల్ల దారం, ఒక్క పోగు మీద ఆగింది. ఈ వానలో విప్పితే తెగిపోతుంది. ఇటివ్వండి, మా తోడికోడలు చేత ఒక కుట్టు వేయిస్తా."

పెద్ద టీచరు గొడుగు కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసింది, కనపడలేదు. వేలితో తడిమింది. పోగు వేలికి తగిలింది. ఆవిడ గొడుగు బల్ల మీదుగా అక్క వైపు జరిపింది.

"తానులు మీ దగ్గరే ఉండనివ్వండి," అంది. "కొలతలకి పిల్లల్ని ఎల్లుండి పంపిస్తాను. కానీ ఆ మెట్ల మీద నుంచి వద్దు, మీరే కిందికి రండి. బాబాయిగారూ, అప్పటికి బండ బాగవుతుందా?"

"రేపు పొద్దున్నే!" అన్నాడు బాబాయి. పరువు పోయినచోటే వెతుక్కునే మనిషి, అప్పుడే నిటారుగా కూర్చున్నాడు. "బండేంటి, పట్టుకోవడానికి ఇనుప కమ్మీ కూడా వేయిస్తా. ఇంకో ఏనుగు వచ్చినా పట్టుకుని ఎక్కేలా."

అన్నట్టుగానే మర్నాడు పొద్దున్నే మేస్త్రి వచ్చాడు. బండ లేపి, కింద కొత్తగా సిమెంటు పోసి, మళ్ళీ కూర్చోబెట్టాడు. మేడ బాబాయి కింద కుర్చీ వేసుకుని కూర్చుని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతున్నాడు. "మామూలుగా అయితే నా బండ కదులుతుందా? ఏనుగు తొక్కింది మరి. కోర్టు పని మీద." టీ అత్త కొట్టులోంచి "దాటిందన్నావుగా అన్నయ్యా, మళ్ళీ తొక్కిందంటావేంటి?" అంది. "ఎక్కేటప్పుడు దాటింది. దిగేటప్పుడు తొక్కింది!"

దర్జీ అక్క గొడుగు చంకలో పెట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. మలుపు చేరబోతుంటే కింది నుంచి కేక వినబడింది. కథ చెప్పే గొంతు కాదు, కంగారు గొంతు.

"తల్లీ, ఆ బండ ఎడమ అంచు మీద కాలేయకు! సిమెంటు ఇంకా పచ్చిగా ఉంది. గోడవైపు వేసి ఎక్కు!"

అక్క ఆగింది. వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది. తర్వాత కాలు బాగా పైకెత్తి, గాల్లో కాసేపు ఆపి, ఒళ్ళు బరువుగా ఊపుతూ, గోడ మొదట్లో మెత్తగా అడుగు పెట్టింది. వీధి వీధంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది మేడ బాబాయే.

"అదిగో," అన్నాడు మేస్త్రితో, "అచ్చం అలాగే ఎక్కింది!"